ఎల్బీనగర్ రోడ్డు మీద మా పొయ్యి

మా చిన్నప్పుడు... విజయవాడ రోడ్డు మీద అన్నం వండుకున్నాం. నిజంగానే... ఎల్బీనగర్ చౌరస్తాలో, నడిరోడ్డు మీద ఇటుకలు పేర్చి, పొయ్యి పెట్టి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దాన్ని 'వంటావార్పు' అనేవారు. రోడ్డు ఆపాలి, కానీ ఎవరినీ కొట్టకూడదు, తిట్టకూడదు... అందుకని రోడ్డు మీదే వండుకుని, అక్కడే కూర్చుని తినడం. ఆ రోజు మా కొత్తపేట గల్లీ ఆడవాళ్లందరూ గంజులు, గరిటెలు పట్టుకుని బయల్దేరారు. మా అమ్మ అందరికంటే ముందు. మేనమామ డిగ్రీ చదివి ఖాళీగా కూర్చున్నాడు... రాష్ట్రం వస్తే తమ్ముడికి కొలువు వస్తుందని అమ్మ నమ్మకం.

నాకు మాత్రం బడి లేదు, అంతే. ఉద్యమం గురించి అంతకంటే ఏమీ తెలియదు. పప్పులో ఎవరికి వాళ్లు ఉప్పు వేసేసి, ఎవరెవరు వేశారో తేలక ఆడవాళ్లు వాదించుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. రైళ్లు కూడా ఎక్కడివక్కడే. చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీలకు పోవాల్సిన లారీలు దిల్‌సుఖ్‌నగర్ దాకా నిలబడిపోయాయి. డ్రైవర్లు లారీల కింద నీడలో పడుకున్నారు.

ఆ లారీల మధ్యలోంచి పద్మ ఆంటీ గబగబా నడుచుకుంటూ వచ్చింది.

ఆంటీ వాళ్లు మా ఇంట్లోనే, పై పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లు. వాళ్లది ఇదే రోడ్డున విజయవాడ వైపు, నందిగామ దగ్గర పల్లెటూరు. అంకుల్‌కి చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అమ్మకూ ఆంటీకీ మధ్య మెట్ల మీద కూర గిన్నెలు తిరుగుతూనే ఉండేవి... ఉద్యమం రోజుల్లోనూ ఆగలేదు. టీవీలో వార్తలు వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరూ వేరే సంగతులు మాట్లాడుకునేవారు.

ఆంటీ ముఖం చూడగానే అమ్మ గరిటె కింద పెట్టేసింది.

"మా అమ్మకి బాలేదు వదినా. నా పేరే కలవరిస్తోందట. ఇవాళ గడవదంటున్నారు..." అంది ఆంటీ. అంకుల్ ఎవరినో బతిమాలి కారు తెచ్చాడు. అది లారీల వెనక ఇరుక్కుంది.

"పరేషాన్ గాకు ఒదినె, నేనున్న గద" అని అమ్మ అందరినీ లేపింది. "జర లేవుండ్రి అక్కా. గీమె తల్లికి పాణం మీదికొచ్చిందట."

ఒక్కరూ కాదనలేదు. ఉడుకుతున్న అన్నం గంజును ఇద్దరు ఆడవాళ్లు కొంగులతో పట్టుకుని పక్కకు దించారు. నిప్పులు పారతో ఎత్తారు, ఇటుకలు జరిపారు. కుర్రాళ్లు లారీలను కొద్దికొద్దిగా పక్కకు తీయించారు. కారు వెళ్లిపోయింది. మళ్లీ పొయ్యి పెట్టి, సగం ఉడికిన అన్నం ఎక్కిస్తున్నప్పుడు అమ్మ ముఖంలో ఎంత తృప్తో... ఇక ఒదినె తల్లిని చూసుకుంటుందని అందరికీ చెప్పింది.

మనం దారి ఇచ్చాం కదా, ఇక అంతా దారేననుకుంది పాపం. హయత్‌నగర్‌లో ఇంకో పొయ్యి ఉంటుందని, అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇంకోటి, చౌటుప్పల్‌లో, చిట్యాలలో, నకిరేకల్‌లో... ఊరూరా రోడ్డు మీద అన్నం ఉడుకుతోందని ఆమెకు తోచనే లేదు.

దినవారాలన్నీ అయ్యాక ఆంటీ తిరిగొచ్చింది. అమ్మ అన్నం, కూర టిఫిన్‌లో సర్దుకుని పైకి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. "ఇయ్యాల నువ్వు పొయ్యి ముట్టియ్యకు ఒదినె" అంది అమ్మ. ఆంటీ కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఎవరూ ఆపలేదు వదినా. ప్రతి ఊళ్లోనూ దిగి, మా అమ్మ ఆఖరి ఘడియల్లో ఉందండీ అని చెప్పుకున్నాను. ప్రతిచోటా పొయ్యి జరిపారు. ఒక్కళ్లు కూడా మాట అనలేదు. అలా జరుపుతూ ఉండగానే పొద్దు గడిచిపోయింది..."

కంచం పక్కకు జరిపి మళ్లీ అంది. "చిట్యాల దగ్గర ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. 'పొద్దుగాల్నుంచి ఏం తిన్నట్టు లేవు, ఒక్క బుక్క తిని పో బిడ్డా' అని ముద్ద కలిపి నోట్లో పెట్టింది. కాదనలేకపోయాను. ఊరికి వెళ్లాక తెలిసింది... సరిగ్గా ఆ వేళకే అమ్మ పోయిందట. చివరి గుక్క నీళ్లు నేను పోయాలి వదినా. నేనేమో రోడ్డు మీద అన్నం తింటున్నాను."

అమ్మ ఆంటీ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనేది. తిట్టుకోవడానికి కూడా ఆంటీకి ఒక మనిషి దొరకలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు అమ్మ మిఠాయి డబ్బా తెప్పించి, గల్లీలో ఎవరికీ పెట్టకముందే పైకి వెళ్లింది. ఆంటీ ఒక ముక్క తీసుకుని, "సంతోషం వదినా" అంది... మనస్ఫూర్తిగానే. అమ్మ కిందికి వచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇవాళ కూడా ఏడుపేందని నాన్న విసుక్కున్నాడు.

తర్వాత ఆంటీ వాళ్లు నాగోల్‌లో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయారు. మామయ్య కొలువు కోసం ఎదురుచూసి చూసి, ఏదో ప్రైవేటు కంపెనీలో కుదురుకున్నాడు. అమ్మ, ఆంటీ పండగలకు ఫోన్లు చేసుకుంటారు. ఆ రోజు మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు ఎల్బీనగర్ నిండా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు, నెత్తిమీద మెట్రో... మేం పొయ్యి పెట్టిన చోటు ఎక్కడో చూపించమంటే చూపించలేను. అటు చుట్టాలింటికి వెళ్లేటప్పుడు కారు ఎక్కడా ఆగదు. అమ్మ కిటికీలోంచి చూస్తూ ప్రతిసారీ అడుగుతుంది... "గిట్ల పోతే నందిగామకు ఎంతసేపైతది బిడ్డా?"

చెప్తాను. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అడుగుతుంది.

ఆ రోజు ఆ రోడ్డు మీద మీరూ ఉన్నారేమో... పొయ్యి దగ్గరో, ఆగిపోయిన బండిలోనో. ఉంటే కింద రాయండి, చదువుతాను. చిట్యాల దగ్గర దారిన పోయే మనిషికి ముద్ద కలిపి పెట్టిన ఆ ముసలమ్మ మీ నాయనమ్మే అయితే, ఇంకా ఉంటే... ఈ సంగతి ఆమెకు మాత్రం చెప్పకండి.