మూడు విజిళ్లు పడిన ఈస్ట్

నేను తప్ప లోకంలో అందరూ ఏదో కుట్రలో ఉన్నారని గట్టిగా నమ్మిన రోజులవి. ప్రేమ్ బజార్ పక్కనున్న క్యాంపస్‌లో కొత్తగా ప్రాజెక్టు ఉద్యోగం. విపరీతమైన ఒత్తిడి పెడితే ఈస్ట్ కణం గోడ ఎక్కడ నొక్కుకుపోతుందో, లోపలి పదార్థం ఎలా బయటికి కారుతుందో చూడటం నా పని. సీసాలు రెండు: ఒకటి యంత్రంలో ఒత్తిడి తిన్నది, రెండోది పోల్చి చూడటానికి ఏ ఒత్తిడీ తగలనిది. సోమవారం సాయంత్రానికి రెండింటి ఫోటోలూ మా ప్రాజెక్టు సారుకి చూపించకపోతే నా ఉద్యోగం పొడిగించరు. అలాంటి సమయంలో, నేను లేనప్పుడు, అన్న అనే అర్థంలో మేం దాదా అని పిలిచే మా బెంగాలీ సీనియర్ సీసాలుంచిన నా డబ్బా తెరిచాడని తెలిసింది. వెంటనే జాబితా రాశాను (ఒకటి: తెరిచాడు. రెండు: నన్ను చూసి నవ్వాడు. మూడు: ఎన్నడూ లేనిది టీకి పిలిచాడు. నేను వెళ్లలేదు). శుక్రవారం ఆ రెండో సీసా మీద 'ప్రెషర్ టెస్ట్ కాలేదు' అని చీటీ అంటించి, పూరీ గేట్ అనే పేటలో నేనుంటున్న మావయ్య ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో దాచాను.

సోమవారం పొద్దున మైక్రోస్కోపులో చూస్తే ఏ ఒత్తిడీ ఎరగని ఆ కణాలు చితికి, ముడుచుకుపోయి ఉన్నాయి. సీసా అడుగున సుద్దతో టిక్కు! "ఈ గుర్తు నీదే కదా దాదా?" అని నిలదీశాను. "అరే బాబా, మూడు రోజులుగా సీసా మీ ఇంట్లోనే ఉంది కదా?" అన్నాడతను. ఈ అంశం నా జాబితాలో లేదు.

మా మావయ్య రైల్వే వర్క్‌షాపులో గాలి సిలిండర్లను పరీక్షించి, పాసైనవాటి మీద సుద్దతో టిక్కు పెట్టి రిటైరైన మనిషి. ఫోన్ చేసి ఆ టిక్కు సంగతి అడిగాను.

"నేనే ఎట్టినాను. టెస్టు కానేదని నువ్వే రాసినావు కదేటి? టెస్టు కాని సరుకు నా సేతిలోంచి ఎప్పుడైనా గేటు దాటిందేటి? కుక్కర్లో ఎట్టి మూడు విజిల్సు రానిచ్చినాను. సీసా ఎక్కడా బీటియ్యనేదు. పాస్!"

"మావయ్యా, అందులో ప్రాణమున్న కణాలున్నాయి!"

"పానమున్నోటిని ఫ్రిజ్‌లో ఎడతారేటిరా?"

నేను తల పట్టుకుని కూర్చుంటే దాదా తన అరలోంచి చిన్న సీసా తీసి నా ముందుంచాడు. అదీ నా ఈస్టే, ఏ ఒత్తిడీ తగలనిది. "నువ్వు స్పేర్ ఉంచుకోవు కదా, అందుకే నీ డబ్బాలోంచి కాస్త తీసి దాచాను. ఆ మాట చెబుదామనే టీకి పిలిచాను." ఆ సాయంత్రం సారు ఫోటోలు చూసి తలూపారు. ఉద్యోగం నిలిచింది. టీ నేనే ఇప్పించాను.

ఆ జాబితా కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పుడప్పుడు తీసి చూసుకుని నవ్వుకుంటాను. మూడు అంశాలు, చక్కటి చేతిరాత, కింద గీత కూడా. మావయ్య చూస్తే మాత్రం దాని మీద సుద్ద పెట్టడు. ఆ అనుమానాల్లో ఒక్కదాన్నీ పరీక్షించకుండానే గేటు దాటించేశాను.