కుర్తుబాలో దారి అడిగిన రోజు

మా ఇంటి మగవాళ్ళు ఎవరినీ దారి అడిగేవారు కారు. తాతగారు కొత్త ఊరికి బయలుదేరితే ముందురోజే ఒక మనిషి వెళ్ళి దారి చూసి వచ్చేవాడు. నాన్నగారి కాలానికి ఆ మనిషి లేడు, అయినా ఆయన అడగలేదు. అవసరమైతే రెండు కోసులు ఎక్కువ నడిచేవారు. "దారి అడిగితే, మనకు తెల్వదని ఊరందరికి తెలుస్తది" అనేవారు. నా వంతు వచ్చేసరికి కోటలాంటి మా గడి లేదు. భూములు కొన్ని కోర్టుల్లో, కొన్ని సీలింగు చట్టంలో పోయాయి. మిగిలిన మర్యాదల్లో ఖర్చు లేనిది ఇదొక్కటే కనుక దీన్ని నేను జాగ్రత్తగా కాపాడుకున్నాను.

తొంభైల మధ్యలో నేను బహ్రెయిన్‌లో, సల్మాబాద్‌లోని ఒక గ్యారేజీలో గుమాస్తాగా ఉన్నాను. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం, టైపు కొట్టడం నా పని. చుట్టూ గ్రీజు, ఇనుము, సుత్తి దెబ్బలు. నేను మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడ గుండీ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మా వీసాలకు పూచీపడ్డ యజమానిని అక్కడ కఫీల్ అంటారు. ఆయన కారు నడిపే డ్రైవరు మా తాలూకా మనిషే. వాళ్ళ నాన్న మా తాతగారి గూడు కట్టిన కచ్చురం బండి తోలేవాడు. డ్రైవరు వచ్చి పదకొండేళ్ళు, నేను వచ్చి రెండేళ్ళు. జీతం అతనిదే ఎక్కువ. అయినా నన్ను దొరా అనే పిలిచేవాడు. ఆ ద్వీపం మొత్తం మీద నన్నలా పిలిచే మనిషి అతనొక్కడే. నాకది బాగుండేదని దాచుకోను.

మెకానిక్కులు ఊరుకునేవారు కాదు. "ఏం దొరా, ఇయ్యాల శిస్తు వసూలుకు పోతలేరా?" అని ఆట పట్టించేవారు.

"నవ్వకుండ్రిరా," అనేవాడు డ్రైవరు, తనూ నవ్వుతూనే. "ఈయన తాత దగ్గితే మా ఊర్ల కుక్కలు గూడ లేచి నిలవడేటియంట."

మా నాన్నగారు డ్రైవరు వాళ్ళ నాన్నను ఒరే అనేవారు. నాకు అది చేతకాలేదు, గారు అని పిలవడానికి మనసొప్పలేదు. బహ్రెయిన్‌లో అందరూ అందరినీ భాయ్ అంటారు. ఆ మాట నన్ను గట్టెక్కించింది.

ప్రతి వేసవిలో కఫీల్ కుటుంబం స్పెయిన్ దక్షిణ తీరానికి వెళ్ళి నెల రోజులుండేది. ఆ ఏడు అక్కడ కొన్న ఇంటికి మరమ్మతులున్నాయి, కాగితాల పని ఉందని డ్రైవరుతో పాటు నన్నూ తీసుకెళ్ళాడు. బయలుదేరే ముందు డ్రైవరు ఒక దరఖాస్తు పెట్టుకున్నాడు. భార్యను మూడు నెలలు బహ్రెయిన్ రప్పించుకోవాలని. పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా రాలేదు. కాగితం టైపు చేసింది నేనే. కఫీల్ సంతకం పెట్టకుండా సొరుగులో వేశాడు. "స్పెయిన్‌లో నీ డ్యూటీ ఎట్లుంటుందో చూసి పెడతా" అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే. అంతకుముందు వంటమనిషి ఒక్క పూట ఆలస్యమైతే ఖలాస్ అని టికెట్టు చేతిలో పెట్టి పంపేశాడు.

స్పెయిన్‌లో మూడో వారం ఆయనే మా ఇద్దరికీ సెలవిచ్చాడు. "కుర్తుబా చూసి రండి. అక్కడి మసీదు చూడకుండా తిరిగొస్తే మావాళ్ళు మిమ్మల్ని మనుషుల్లో కలపరు" అన్నాడు. పటంలో కోర్దొబా అని రాసి ఉన్న ఊరు అరబ్బులకు ఇప్పటికీ కుర్తుబాయే. షరతు ఒక్కటే. సాయంత్రం ఏడున్నరకు ఆయన మామగారు మలగా విమానాశ్రయంలో దిగుతారు. డ్రైవరు అక్కడ నిలబడి ఉండాలి.

పొద్దున్నే కారు మలగా స్టేషను దగ్గర పెట్టి రైలెక్కాం. తిరుగు రైలు నాలుగింటికి, అది ఆరుంబావుకు తెచ్చి దింపుతుంది. లెక్క సరిపోయింది.

డ్రైవరు కిటికీ వదల్లేదు. కొండల మీద ఎటు చూసినా ఆలివ్ చెట్లే, దారం పట్టి నాటినట్టు. "గిన్ని చెట్లకు ఒక్క కోతి లేదు చూడుండ్రి దొరా. మన దిక్కయితే ఈపాటికి డబ్బల కచ్చి మన రొట్టె గుంజుకపోతుండె" అన్నాడు. రొట్టె మాట రాగానే ఆకలి గుర్తొచ్చినట్టుంది, కాగితం పొట్లం విప్పాడు. ఖుబ్జ్ రొట్టెలో కోడిగుడ్డు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప చుట్టి తెచ్చాడు. నలుగురిలో తినడం నాకు అలవాటు లేదని చెప్పాను. అతను ఎదుటి సీటులోని ముసలామెకు ఒకటి ఇచ్చాడు. ఆమె నిస్సంకోచంగా కొరికింది. మిరపకాయ తగిలి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, ముఖం కందగడ్డ అయింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె కళ్ళు తుడుచుకుని ఇంకొకటి ఇమ్మని చెయ్యి చాపింది. ఆ తరువాత తన సంచిలోంచి రెండు పళ్ళు తీసి, నా ఒడిలోనే పెట్టింది. పెద్దామె పెట్టింది కాదనకూడదు కదా. తిన్నాను. తినేటప్పుడు రసం, ఎండాకాలమైనా నేను వదలని కోటు మీద పడింది.

ఊళ్లో దిగాక డ్రైవరు పోలీసాయన వైపు నడవబోతే ఆపాను. "నాకెరికే. నడువు భాయ్" అన్నాను. జనం అంతా ఒకే వైపు వెళ్తున్నారు. వాళ్ళ వెనక నడిస్తే మసీదు వచ్చింది. నా మాట నెగ్గింది.

ఆ మసీదు ఇప్పుడు చర్చి. లోపల అడుగుపెట్టగానే డ్రైవరు తల పైకెత్తి చూశాడు. ఎటు చూసినా స్తంభాలు, వాటి మీద ఎరుపు తెలుపు చారల కమానులు, ఒకదాని వెనక ఒకటి చీకట్లోకి. గొంతు తగ్గించి అన్నాడు: "హన్మకొండల వేయిస్తంభాలంటరు గని, దొరా, ఎవ్వడన్న లెక్కవెట్టిండా? ఇక్కడ మాత్రం నిజంగనే ఉన్నట్టున్నయి." ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చల్లగా ఉందని నన్నూ పెట్టమన్నాడు. పెట్టాను. నిజంగానే కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. బయట నారింజ చెట్ల కింద కూర్చుని ఇంటికి ఉత్తరం రాయాలని, తనకు రాతకోతలు రావు గనక నా చేత రాయించాడు. భార్యకు. 'బట్టలు సదురుకో. వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు తే' అని.

రెండున్నరకు స్టేషనుకు బయలుదేరాం. తిరిగి వెళ్ళేటప్పుడు వెంట నడవడానికి జనం లేరు. ఎండకు ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంది. సున్నం కొట్టిన గోడలు, గోడలకు నీలం కుండీలు, కుండీల్లో ఎర్రపూలు. సందులు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. నేను ముందు నడిచాను.

"దొరా, గీ గన్నేరు చెట్టు మల్లచ్చింది."

"వేరే గన్నేరు."

పది నిమిషాల తరువాత: "గిది గూడ వేరేదేనా?"

ఇంకో సందులోకి తిరిగాను. మూడోసారి అదే చెట్టు వచ్చినప్పుడు అతనేమీ అనలేదు. అదే నన్ను నిలబెట్టింది. పొద్దుటినుంచి వాగుతున్న మనిషి చొక్కా తడిసి, గడియారం చూసుకుంటూ, నా వెనక రెండడుగుల దూరంలో నడుస్తున్నాడు. మూడున్నర కావస్తోంది.

"ఎవర్నన్న అడుగరాదు, భాయ్?" అన్నాను.

"మీరు ముంగట నడుస్తుంటె నేనడుగుతనా దొరా? మీకు ఎర్కలేదన్నట్టు గాదా?" అన్నాడు. కోపం లేదు అందులో. వాళ్ళ నాన్న బండి తోలినప్పుడు కూడా, తప్పు మలుపు అని తెలిసినా, లోపల కూర్చున్నవాళ్ళు చెప్పకుండా ఎద్దుల్ని తిప్పేవాడు కాదేమో. నేను ఈ మర్యాదను కాపాడుకుంటున్నాననుకున్నాను. దాన్ని మోస్తున్నది అతను. నా మర్యాద అతని భార్య ప్రయాణానికి అడ్డంగా నిలబడింది.

ఎదురుగా ఒక అరుగు మీద ముసలాయన కునుకు తీస్తున్నాడు. దగ్గాను. లేవలేదు. తాతగారి దగ్గు నాకు రాలేదు. భుజం తట్టి ఇంగ్లీషులో అడిగాను. ఆయన లేచి, నన్ను చూసి, దణ్ణం లాంటిదేదో పెట్టి మళ్ళీ పడుకున్నాడు. మిద్దె మీద ఒకావిడ పూలకు నీళ్ళు పోస్తోంది. స్టేషన్ అన్నాను. ట్రెయిన్ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇక మిగిలింది ఒక్కటే. కోటు గుండీలు విప్పి, రెండు చేతులూ చక్రాల్లా తిప్పుతూ, ఛుక్ ఛుక్ ఛుక్ అంటూ ఆ సందులో నాలుగడుగులు నడిచి, ఆఖర్న కూత కూడా వేశాను. పై కిటికీలు మూడు తెరుచుకున్నాయి. ఆవిడ నీళ్ళ చెంబు పక్కన పెట్టి చప్పట్లు కొట్టి, లోపలికి తిరిగి ఎవరినో కేకేసింది.

దిగి వచ్చింది ఆమె భర్త, సగం గడ్డం గీసుకుని, చెంప మీద నురుగుతో. నా మోచెయ్యి పట్టుకుని సందులు దాటించి, పెద్ద రోడ్డు మీదికి తెచ్చి, దూరంగా స్టేషను గడియారం చూపించి, వేళ్ళతో పరుగెత్తినట్టు చేసి చూపాడు.

మా ఇంటి మగవాళ్ళు పరుగెత్తరు కూడా. ఆ సంగతి ఆలోచించే వ్యవధి దొరకలేదు. డ్రైవరు నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి అరిచాడు: "ఉరుకు దొరా! ఉరుకు!"

ఉరికాను. కోటు చంకలో, కొత్త తోలు బూట్లు మడమలు కొరుకుతుంటే, బోనాల్లో పోతరాజులా చెమటలు కక్కుకుంటూ ఉరికాను. గార్డు తలుపు దగ్గర నిలబడి మా కోసం చెయ్యి చాపాడు. ఎక్కి కూలబడ్డాక డ్రైవరు నవ్వడం మొదలుపెట్టాడు. మొదట ఆపుకోవాలని చూశాడు, నా మర్యాద కోసం. అప్పుడు నాకే నవ్వు వచ్చేసింది. మలగా దాకా ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయాం, చూస్తే మళ్ళీ మొదలు.

ఏడుంబావుకే అతను విమానాశ్రయంలో గేటు ముందు నిలబడ్డాడు. బహ్రెయిన్ తిరిగొచ్చిన వారంలో కఫీల్ సొరుగు తీసి సంతకం పెట్టాడు.

చలికాలంలో అతని భార్య వచ్చింది. మనామా పాత బజారు వెనక డ్రైవరు ఒక గది అద్దెకు తీసుకుని, శుక్రవారం నన్ను భోజనానికి పిలిచాడు. ఆమె బగారా అన్నం పెట్టింది, తొక్కు వేసింది. నేను చాప మీద నిటారుగా కూర్చుని తింటున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భర్తను మోచేత్తో పొడుస్తోంది.

"ఏంది?" అన్నాను.

"ఏం లే దొరా. రైలు లెక్క ఉరికింది మీరేనంట గదా? గీయిన చెప్తె నేను నమ్మలే. ఊర్ల మా అత్తకు చెప్తె గూడ నమ్మది. ఒక్కసారి చేసి చూపియ్యరాదుండ్రి?"

డ్రైవరు బెదిరిపోయి "ఏయ్, ఊకో" అన్నాడు.

భోజనం మధ్యలో అలాంటివి చేయకూడదని ఆమెకు చెప్పాను. చేతులు కడుక్కున్నాక చేశాను.