చైన్ కవర్ మీద పేరు

"...అలాగని మొత్తం గీకేస్తారా అండీ?"

"గీకకుండా వేస్తే పెచ్చులు లేస్తాయి సార్."

"లేస్తే లేవనీండి! నేను కొంటానన్నది ఆ పాత రంగు చూసే."

తెనాలిలో గులాం మొహిద్దీన్ సైకిల్ షాపు ముందు గిరీష్ తల పట్టుకున్నాడు. పాత సైకిళ్లు సేకరించే మనిషి, బాపట్ల నుంచి వచ్చాడు. సైకిల్ పక్కనే నిలబడ్డ రేపల్లె ఊరి వసుంధరది, వాళ్ల నాన్న తొక్కినది. ఇంట్లో తుప్పు పట్టే బదులు గిరీష్ దగ్గరైతే నలుగురూ చూస్తారని అమ్మడానికి ఒప్పుకుంది. శుభ్రంగా ఇవ్వాలని తనే మొహిద్దీన్‌కు అప్పగించింది. ఇప్పుడది అద్దంలా మెరుస్తోంది.

"చైన్ కవర్ మీద నాన్న పేరు మొహిద్దీన్ బాబాయ్ మళ్లీ రాశాడుగా అండీ. ముందుకన్నా బాగుంది," అంది వసుంధర.

"పోయింది అదేనండీ. అప్పటి చేతిరాత."

ఆ పేరు మొదట రాసింది మొహిద్దీన్ తండ్రి. ఇనుము కనపడేదాకా గీకిగాని కొత్త రంగు వెయ్యకూడదని నేర్పిందీ ఆయనే. ఆయన పేర్లు రాసిన మిగతా సైకిళ్లన్నీ ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయాయి. ఉప్పుకాగితం పట్టినప్పుడు మొహిద్దీన్ ఆ అక్షరాలు గుర్తుపట్టాడు. పని అలాగే చెయ్యాలి గనక చెయ్యి ఆపలేదు.

"పాతదానిలా కనపడేట్టు చెయ్యమంటే చేస్తాను సార్," అన్నాడు మొహిద్దీన్.

"అప్పుడది నకిలీ అవుతుందండీ. బెల్లు, లైటు, సీటు అసలువే ఉన్నాయి. అవి మాత్రం తీసుకుంటాను."

వసుంధర సైకిల్‌ను మొహిద్దీన్ వైపు తోసింది.

"అవి విప్పెయ్యి బాబాయ్," అంది.