నాలుగు కట్టల దూరం

ఫాల్గుణం వచ్చిందంటే ఆర్మూర్‌లో గాలి కూడా ముఖానికి పసుపు పూసుకుని తిరుగుతుంది. మొన్న ఆదివారం పొద్దున్నే గుట్ట ఎక్కుతుంటే, కింద కల్లాల్లో పసుపు ఉడికిస్తున్న వాసన నా వెంటే మెట్లెక్కి వచ్చింది. తడి మట్టి, పచ్చి వేరు, కాలిన కట్టె, మూడూ కలిసిన వాసన అది. మూడో మలుపు దాకా వచ్చి, పెద్ద బండల సందులో నుంచి చెరువు గాలి కొట్టగానే ఆగిపోయింది. నేనూ ఆగాను. అక్కడికి వస్తే చాలు, నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే కదులుతాయి, కనిపించని ఆకును చుడుతున్నట్టు. బీడీలు చుట్టడం మానేసి కుట్టుమిషన్ పెట్టుకుని చాలా ఏళ్ళయింది. ఆ సంగతి నా వేళ్ళకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

మా ఊళ్ళో గుట్ట అంటే సిద్ధుల గుట్టే. ఏనుగుల గుంపు వచ్చి పడుకుని, మళ్ళీ లేవడం మరిచిపోయినట్టు ఉంటాయి బండలు. ఇప్పుడు పైకి కార్లు పోయే రోడ్డు ఉంది. మా తొవ్వ అది కాదు. ఊరి వైపు మెట్లతో మొదలై, బండల మధ్య ఒళ్ళు ఒరుసుకుంటూ మేము నెత్తి బండ అని పిలుచుకునే శిఖరానికి చేరి, వెనక వైపు రాళ్ళ మీదుగా చెరువు గట్టుకు దిగి, గుట్టను చుట్టి మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చే తొవ్వ. నెత్తి బండ మీద నిలబడితే ఒక పక్క ఊరు, బంగారం ఆరబోసినట్టు పసుపు కల్లాలు; ఇంకో పక్క చెరువు; గాలి తేటగా ఉన్న రోజు ఎక్కడో దూరాన గోదావరి ప్రాజెక్టు నీళ్ళు వెండి తీగలాగ మెరుస్తాయి. ఆ నీళ్ళలో ఎగిరే చేపలు కూడా నాకు కనిపిస్తాయి. ఏది నవీపేట చేపో, ఏది బాల్కొండ చేపో గుర్తుపట్టి చెబుతాను కూడా. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

ఈ తొవ్వ నాకు చూపించింది సాయవ్వ. మా పక్కింటావిడ. చుట్టరికం ఏమీ లేకపోయినా అత్తా అని పిలిచేదాన్ని. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా పచ్చబొట్లతో ఉండేది. ఆమె ఇంటి అరుగు మీద మా వాడకట్టు ఆడవాళ్ళు నలుగురైదుగురు ఒళ్ళో చాటలు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేవాళ్ళు. వారంలో ఆరు రోజులు సాయవ్వ నడుము కొడవలిలా వంగి ఉండేది. ఏడో రోజు ఆ కొడవలిని గుట్ట మీదికి తీసుకుపోయి నిటారు చేసుకుని వచ్చేది. "గుట్టెక్కితేనే నడుం సక్కగైతదే. దవాఖానకు పోతే గోలీలిస్తరు, గుట్టకు పోతే గాలిస్తది" అనేది.

నేను ఇంటర్ తప్పి ఆ అరుగెక్కాను. తప్పడం నా తప్పు కాదు. పరీక్ష హాల్లోకి కోతి వచ్చి, అంతమందిలో నా జవాబు పత్రమే ఎత్తుకుపోయింది. మొదటి రోజు ఈ సంగతి చెప్పగానే అందరూ నవ్వారు. సాయవ్వ మాత్రం చేతులు ఆపకుండా, తల ఎత్తకుండా అడిగింది: "మరి కోతి పాసయ్యిందా?"

ఆ ఒక్క మాటతో నేను ఆమె మనిషినైపోయాను. అంతవరకూ నా కతలు విన్నవాళ్ళు "అబద్ధం" అనేవాళ్ళు. తర్వాత ఏమైందని అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ తర్వాత రోజూ ఆ అరుగు మీద నా కతలే. పసుపు ఉడికించే ఆవిరికి ఒక ఏడు మా వాడకట్టు కాకులన్నీ పచ్చబడిపోయాయనీ, పిల్లను చూడవచ్చిన పెళ్ళివారు వాటిని చిలకలనుకుని ఒకదాన్ని పంజరంలో పెట్టి తీసుకుపోయారనీ చెబితే, సాయవ్వ ముసిముసిగా నవ్వుతూ, "చెప్పు చెప్పు, నీ కతలకు చేతులు ఉరుకుతున్నయ్" అనేది.

ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. సాయవ్వ చేతికి పావుగంటలో ఒక కట్ట అయ్యేది. గడియారం ఆమెకు అక్కర్లేదు. అన్నం పొయ్యి మీద పెట్టి "కట్ట కాంగనే దించు" అనేది. బస్సు రాకపోతే "మూడు కట్టలు లేటు" అనేది. గుట్టనూ అలాగే కొలిచింది. మెట్ల నుంచి నెత్తి బండకు ఆమె నడకకు నాలుగు కట్టలు, అక్కడి నుంచి చెరువుకు అయిదు, చుట్టి రావడానికి మూడు. నా కట్టలతో కొలిస్తే గుట్ట మరీ దగ్గరయ్యేది. నేను ఒక్క కట్ట చుట్టేలోగా ఎవరైనా గుట్టెక్కి దిగి, స్నానం చేసి రావచ్చు.

మొదటిసారి ఆమె వెంట ఎక్కినప్పుడు మూడో మలుపు దగ్గరే నా ప్రాణం కళ్ళలోకి వచ్చింది. దిగి వస్తున్న వాళ్ళను అడిగితే అందరూ ఒకటే మాట, "గిదే, అచ్చేసింది." గుట్టల మీద మనుషులంతా చెప్పే అబద్ధం అది, ఎవరూ దాన్ని అబద్ధమనుకోరు. చివరికి సాయవ్వను అడిగాను.

"అత్తా, ఇంకెంత దూరం?"

ఆమె నా ముఖం చూడలేదు, కాళ్ళు చూసింది. "నా నడకకు రెండు కట్టలు. నీ నడకకు నాలుగు."

"జర తక్కువ చెప్పరాదు అత్తా, ఎక్కబుద్ధయితది."

"తక్కువ చెప్తే గుట్ట చిన్నగైతదానే?"

నాలుగే అయ్యాయి. ఆ రోజు పైన కూర్చుని ఆమె మూటలోని మక్కజొన్న గారెలు తింటుంటే, ఇంత సూటిగా మాట్లాడే మనిషికి నా వంకర కతలు ఎలా నచ్చుతాయో అనుకున్నాను. ఆ సంగతి తర్వాతి ఎండాకాలం తెలిసింది.

మా అరుగు మీద బీడీలు చుట్టేవాళ్ళలో సుజాత ఒకతి. ఎదురింటి కోడలు, నా ఈడుదే. జ్వరం పడి లేచిన కొత్తలో ఒక ఆదివారం మాతో గుట్టెక్కింది. నెత్తి బండ మీదికి చేరేసరికి ఆమె సీసాలో నీళ్ళు అయిపోయాయి. "నేను మెట్ల మీదికెళ్లి మల్ల దిగిపోత" అంది. నేనేమో కత నడుమలో ఉన్నాను. కోతి ఇంటర్ పాసై పై చదువుకు పోయే ఘట్టం. సాయవ్వ అప్పటికే వెనక వైపు దిగడం మొదలుపెట్టింది. సుజాత పోతే వినేవాళ్ళు లేరు.

"గదేందే, ఎనుక దిక్కే దగ్గర. రెండే కట్టలు" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "నడుమల బండ కింద ఊట ఉన్నది. కొబ్బరినీళ్ల లెక్క ఉంటయ్."

సుజాత నమ్మింది. మేము దిగాము. ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. "ఊట ఏదే?" అని ఒకసారి అడిగింది. "ఇంక జరంత ముందర" అన్నాను. రెండోసారి అడిగింది, అదే మాట చెప్పాను. మూడోసారి అడగలేదు. ఒక రాయి పట్టుకుని కూలబడింది. పెదవులు తెల్లబడ్డాయి, కళ్ళు తేలిపోయాయి. నా కేకకు సాయవ్వ వెనక్కి ఎక్కి వచ్చి, తన సీసాలో మిగిలిన నాలుగు గుక్కలూ ఆమె నోట్లో పోసింది. సుజాత కొంచెం తేరుకుని ఆమెనూ అదే అడిగింది: "ఊట ఏదత్తా?"

సాయవ్వ నా వైపు చూసింది. నేను నేల చూపులు చూస్తూ "లేదు" అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన అతి చిన్న కత అది.

ఇద్దరం చెరో భుజం పట్టుకుని, రాయి రాయికీ కూర్చోబెడుతూ ఆమెను చెరువు దాకా దించాము. నీళ్ళలో కాళ్ళు పెట్టించి, తల తడిపి, కొంగుతో విసిరితే మనిషి మనిషైంది. లేచి నిలబడ్డాక నాతో ఒక్క మాట అంది. "మంచిగున్నదే నీ ఊట."

మర్నాడు నేను కత మొదలుపెట్టగానే సుజాత చాట తీసుకుని అరుగు అవతలి చివరకు జరిగింది. నేను కత ఆపి ఆకు అందుకున్నాను. మిగతా ఆడవాళ్ళు తలలు వంచుకుని చుట్టుకుంటున్నారు. సాయవ్వ ఒక కట్ట పూర్తి చేసింది. దారం ముడి వేసి, అప్పుడు అంది:

"పులి కత చెప్పు, దయ్యం కత చెప్పు, కోతి కత చెప్పు. ఇంటం, నవ్వుతం, లేస్తం. తొవ్వ మీద, నీళ్ల మీద మాత్రం కత చెప్పకు పోరీ. గవి మంది కాళ్లతోటి చెప్పే కతలు."

ఆ తర్వాతి ఆదివారం నుంచి గుట్ట మీద నన్ను ముందు నడిపించింది. ప్రతి మలుపు దగ్గరా ఆపి అడిగేది: "ఇక్కడికెళ్లి ఎన్ని కట్టలు? నా నడకకు చెప్పు. నీ నడకకు చెప్పు. సుజాత నడకకు చెప్పు." సుజాత మాతో రావడమే మానేసింది, ఆమె నడక నాకెలా తెలుస్తుంది? అందుకని ఆమె బోరింగుకు పోయేటప్పుడు గమనించేదాన్ని. ఎక్కడ ఆగుతుంది, ఏ కాలు ముందు వేస్తుంది, నిండు బిందెతో ఎంతసేపటికి ఇల్లు చేరుతుంది. అరుగు మీద నా కతలకు మళ్ళీ నవ్వులు వచ్చాయి. కాని సుజాత నవ్వలేదు. ఆమె నవ్వకపోతే ఆ మిగతా నవ్వులు నాకు ఉప్పులేని పప్పులా ఉండేవి.

సీతాఫలాలు కాసే కాలానికి ఒక ఆదివారం ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో రెండు నీళ్ళ సీసాలు. సాయవ్వను దాటి నా దగ్గరికి వచ్చింది.

"నా నడకకు ఎన్ని కట్టలు?"

"నెత్తి బండకు ఆరు. ఆడికెళ్లి చెరువుకు ఎనిమిది. నడుమ నీళ్లు లేవు. వానలకు ముళ్లచెట్లు పెరిగినయ్, కష్టమైతది."

ఇక వెనక్కి పోతుందనే అనుకున్నాను. ఆమె చెంగు దోపుకుని మెట్టెక్కింది. దారి పొడుగునా నేను ఒక్క కత కూడా చెప్పలేదు. చెరువు దగ్గరికి దిగాక ముఖం కడుక్కుంటూ అంది, "పద్నాలుగున్నర అయింది. అర కట్ట తప్పినవ్."

సాయవ్వ ఒడిలోని సీతాఫలాలు గట్టు మీద కుమ్మరించింది. "గా అర కట్ట నేను కాయలు తెంపంగ పోయింది. పిల్ల లెక్క సక్కగనే ఉన్నది."

సుజాత ఒక కాయ పగలగొట్టి సగం నాకిచ్చింది. "సరే గని, గా కోతి పైసదువుకు పోయిందా లేదా?"

చాలా ఏళ్ళకు సాయవ్వ వేళ్ళు బిగుసుకుపోయి బీడీలు మానేసింది. మోకాళ్ళూ మొరాయించాయి. అయినా ఒక ఫాల్గుణంలో గుట్టెక్కుతానని పట్టుబట్టింది. పసుపు వాసన ఆగే మూడో మలుపు దగ్గరికి చేరేసరికి ఆమె ఊపిరి ఈల వేస్తోంది. బండకు ఆనుకుని నన్ను అడిగింది.

"ఇంకెంత ఉన్నదే?"

ఆ గుట్టలో ప్రతి రాయినీ పేరు పెట్టి పిలిచే మనిషి అడుగుతోంది. "గిదే అత్తా, అచ్చేసింది" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కోసం ఆ ఒక్క అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో! కాని ఆమె కాళ్ళు చూశాను. వణుకుతున్నాయి.

"మునుపటి నీ నడకకు రెండు. ఇప్పటి నడకకు ఏడు కట్టలుంటది అత్తా. దిగుడు వేరే."

ఆమె కాసేపు పైకి చూసింది. తర్వాత నవ్వింది, పళ్ళు లేని నోటితో నిండుగా. "నేర్సినవే పోరీ" అంటూ పక్కనున్న చదును రాయి మీద కూర్చుంది. "అయితే నా గుట్ట గిక్కడిదాంకనే. ఫికరేం లేదు. గా సందుల నుంచి సూడు, సెరువు అరసెయ్యంత కనిపిస్తంది. నాకు సాలు." మూట విప్పి మక్క గారె చేతికిచ్చింది. "ఇగ చెప్పు. కోతి ఏమైంది?"

కోతి నిజామాబాద్‌లో లెక్చరర్ అయిందని చెప్పాను. పిల్లలు అల్లరి చేస్తే చెట్టెక్కి పాఠం చెబుతుందని, జీతం అరటిపళ్ళలో అడుగుతోందని చెప్పాను. సాయవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది, దగ్గి మళ్ళీ నవ్వింది. మరుసటి ఏడు వానలు మొదలయ్యే ముందు నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆమె నాకిచ్చిపోయింది ఆ చదును రాయి, ఆ కట్టల లెక్క.

మొన్న నేను అక్కడ ఆగినప్పుడు సుజాత నా పక్కనే ఉంది. ఆదివారాలు మేమిద్దరం ఇంకా తప్పించలేదు. మాక్లూర్ నుంచి వచ్చామంటూ ఒక జంట రొప్పుతూ మమ్మల్ని కలిశారు. ఊరికే ఉండలేక, నిన్న ఇదే మలుపులో చిరుతపులి నా చెప్పు ఎత్తుకుపోయి, కొలత సరిపోక తెచ్చి ఇచ్చిందని చెప్పాను. అతను పగలబడి నవ్వాడు. ఆమె నడుము మీద చేయి వేసుకుని అడిగింది, "చెరువు దిక్కు దిగుదమనుకుంటున్నం. ఎంత దూరమక్కా?"

ఆమె కాళ్ళు చూశాను, సీసా చూశాను.

"మీ నడకకు పైదాంక గంట. ఆడికెళ్లి చెరువుకు ఇంకో రెండు గంటలు. నడుమ నీళ్లు దొరకవు."

"దిగొచ్చేటాయన పది నిమిషాలే అన్నడు గద?" అన్నాడు అతను.

నేను నోరు తెరిచేలోగా సుజాత అందుకుంది. "ఈమె చెప్పే పులి, కోతి, కాకి ఏదీ నమ్మకుండ్రి. తొవ్వ చెప్తే మాత్రం నమ్ముండ్రి."

మాక్లూరామె సాయవ్వ రాయి మీద కూర్చుని, సీసాలో సగమే ఉన్న నీళ్ళు భర్తకు ఎత్తి చూపించింది. "పైదాంక పోదం. దిగుడు మాత్రం మెట్ల మీదికెళ్లే" అంది. అతను తల ఊపాడు. కాసేపటికి ఇద్దరూ నెమ్మదిగా పైకి కదిలారు.

"కోతి కత ఏడ ఆపిన్నే?" అని సుజాతను అడిగాను.

"లెక్చరరైన కాడ."

మా ఇప్పటి నడకకు పైదాకా ఇంకా మూడు కట్టలు. కోతిని ప్రిన్సిపాల్‌ను చేయడానికి సరిపోతుంది.