నంబరు అడగొద్దు, బొటనవేలు చూడండి

మా ఇంటి ఆంటీ పోయారు. పోయిన నెల మూడో ఆదివారం, భోజనాల వేళ దాటాక, స్కార్‌బరోలో మా ఇంటికి రెండు బస్సుల దూరంలో ఉన్న హాస్పిస్‌లో. జబ్బు ఇక నయం కాదని తేలాక, మిగిలిన రోజులు నొప్పి లేకుండా గడవడానికి చేర్చుకునే ఇల్లు అది. మొత్తం పది గదులు. ఆవిడది కిటికీ వైపు ఆరో గది.

పది రోజుల తర్వాత అక్కడి నుంచి ఒక ఫారం వచ్చింది, తమ సేవలు ఎలా ఉన్నాయో చెప్పమని. అంకుల్ కవరు చించకుండానే తెచ్చి నా బేస్‌మెంట్ మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. అది నేను నింపాల్సిందని ఆయనకు తెలుసు. నింపుతుంటే ఆవిడ గురించి మీకూ చెప్పాలనిపించింది.

నేను వాళ్ళకు బంధువును కాను. కాలేజీలో చదవడానికి కరీంనగర్ దగ్గరి ఊరి నుంచి ఈ దేశం వచ్చి, వాళ్ళింట్లో కింద గది అద్దెకు తీసుకున్నాను. చదువు అయిపోయింది, ఇప్పుడు ఒక వేర్‌హౌస్‌లో పని. మా ఇంట్లో బడికి వెళ్ళినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఆఫీసులో కుర్చీలో కూర్చున్న మనిషి ముందు ఎలా నిలబడాలో మాత్రం నేను బడిలో నేర్చుకోలేదు, మా నాన్నను చూసి నేర్చుకున్నాను. తల వంచుకుని, తువ్వాలు చేత్తో పట్టుకుని, ఏమన్నా "సరే సారూ" అంటూ.

ఆంటీది గుంటూరు వైపు. వాళ్ళకు పిల్లల్లేరు. కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చెకింగ్ పని చేశారు. కుట్టిన సీటు కవరు చేతికి రాగానే ఆవిడ కుట్టు వెంట బొటనవేలు నడిపేవారట. ఎక్కడైనా పోగు తప్పితే వేలు అక్కడ ఆగేది. "కన్ను అలవాటు పడిపోద్ది అమ్మాయ్, వేలు పడదు" అనేవారు. రిటైరయ్యాక కూడా ఆ వేలు ఊరుకోలేదు. టీవీ చూస్తూ చీర అంచు మీద, బస్సులో సీటు మీద, మాట్లాడుతూ మాట్లాడుతూ నా చున్నీ మీద నడుస్తూనే ఉండేది. హ్యాండ్‌బ్యాగులో ఒక ఎర్రదారం ఉండ పెట్టుకునేవారు. కుట్టు ఊడినట్టు తగిలితే అక్కడ చిన్న ముడి వేసేవారు. కుట్టి మాత్రం ఇచ్చేవారు కాదు. "తప్పు చూపించడం నా పని. కుట్టుకోవడం నీ పని." నా చలికోటు చేతికి అలాంటి ముడి రెండు చలికాలాలు వేలాడింది.

తప్పు రాసుకోవడంలోనూ ఆవిడకో పద్ధతి ఉండేది. "ఎవరు చేశారో రాయకు. ఎప్పుడు, ఎక్కడ, ఏమైందో రాయి. పేరు రాస్తే మనిషితో గొడవ మిగులుద్ది, తప్పు అక్కడే ఉంటది." అందుకే ఇక్కడ నేనూ ఎవరి పేరూ రాయడం లేదు.

క్యాన్సర్ ఎముకల దాకా వచ్చిందని డాక్టర్లు చెప్పాక, రెండు హాస్పిస్‌ల వివరాలున్న కాగితం ఇచ్చారు. ఆంటీ దాన్ని రెండుసార్లు చదివి, "రేపు వెళ్ళి చూద్దాం" అన్నారు.

"అదేమన్నా చీరల కొట్టా, చూసి ఎంచుకోడానికి?" అన్నారు అంకుల్.

"చీరైతే నచ్చకపోతే మార్చుకోవచ్చండీ. ఇది మార్చుకోడానికి మళ్ళీ నేనుండొద్దూ!"

అంకుల్ లేచి వంటగదిలోకి వెళ్ళిపోయారు. నేను తల తిప్పుకున్నాను. ఆవిడ మాత్రం నోట్‌బుక్ తెమ్మన్నారు.

మర్నాడు చక్రాల కుర్చీలో ఆవిణ్ణి తీసుకువెళ్ళాం. మేనేజర్ ఎంతో మర్యాదగా చేపల తొట్టి, పియానో, పూలతోట చూపించింది. ఆంటీ అన్నింటికీ తలూపి, "గంట నొక్కితే ఎంతసేపటికి వస్తారు?" అని అడిగారు. వెంటనే వస్తారంది. "అయితే నొక్కనా?" అని, మేనేజర్ ఏమనేలోపే ఖాళీ మంచం పక్కనున్న గంట నొక్కి వాచీ చూసుకున్నారు. నిమిషంన్నరలో ఒక నర్సు పరుగున వచ్చింది. ఆంటీ ఆమెకు క్షమాపణ చెప్పి, ఆ నిమిషంన్నర రాసుకోమని నాకు సైగ చేశారు.

బయటికి వస్తుంటే వరండాలో ఒక పెద్దావిడ నేల తుడుస్తోంది. మేనేజర్ ఫోన్‌లో ఉంది. ఆంటీ కుర్చీ ఆపించి, తన ఫ్యాక్టరీ ఇంగ్లీషులో, "మీ అమ్మకి అవసరమొస్తే ఇక్కడ చేరుస్తావా?" అని అడిగారు.

ఆమె వెనక్కి ఒకసారి చూసింది. "సోమవారం నుంచి శుక్రవారం దాకా అయితే చేరుస్తాను" అని, బకెట్ ముందుకు జరుపుకుని వెళ్ళిపోయింది.

వ్యాన్‌లో ఆంటీ తేల్చేశారు. "మంచి చోటే. శని, ఆదివారాలు బలహీనం. ఆ రెండు రోజులూ నువ్వు చూసుకోవాలి."

"నేనా ఆంటీ? అంకుల్ ఉంటారు కదా."

"ఆయనకు మొహమాటం. నీకు చదువుంది."

చదువు నా మొహమాటాన్ని ఏమీ చేయలేదని ఆవిడతో చెప్పలేకపోయాను. రెండో చోట మంచం ఖాళీ లేదు. వారం తిరక్కుండా ఇక్కడే చేరారు.

మొదటి రోజే ఆవిడ వేలు వాళ్ళ నీలం దుప్పటి అంచు వెంట నడిచి, ఒక మూల ఆగింది. జానెడు మేర కుట్టు ఊడి ఉంది. ఎర్రదారం అడిగి తీసుకుని, ముడి వేశారు. "తర్వాత వచ్చేవాళ్ళకి వెతుక్కునే పని ఉండకూడదు."

వారం మధ్యలో ఆ ఇంటికి వంక పెట్టలేం. హెడ్ నర్సు ఆంటీని ముట్టుకునే ముందు తన చేతులు వేడినీళ్ళ కింద పెట్టుకుని వచ్చేది. అంకుల్ తెచ్చిన చారు వాసన చూసి, వంటావిడ అది ఎలా చేస్తారో రాసుకుంది. ఇవన్నీ నోట్‌బుక్‌లో ఉన్నాయి. బాగున్నవి కూడా రాయకపోతే అది చెకింగ్ కాదని ఆంటీ మాట.

శనివారం వచ్చేసరికి అన్నీ కొత్త ముఖాలు. పదకొండూ పదికి గంట నొక్కాను. పదకొండూ నలభై అయిదుకి ఒక నర్సు వచ్చింది. నా ఈడుదే, పొద్దున్నుంచి అయిదు గదులు ఒక్కతే చూస్తోంది. నొప్పి సున్నా నుంచి పది వరకూ ఎంతుందని అడిగింది. అప్పటికే ఆంటీకి ఇంగ్లీషు చెయ్యిజారిపోతోంది, తెలుగే మిగిలింది. నేను అడిగాను.

"ఫర్వాలేదులే. మూడని చెప్పు."

నేను మూడని చెప్పాను. ఆమె మూడని రాసుకుంది. మూడుకి ఏమిస్తారో అదే ఇచ్చింది. ఆంటీ నుదుటి మీద చెమట పడుతుంటే నేను తుడుస్తూ కూర్చున్నాను. ఆదివారం అడిగితే రెండని చెప్పమన్నారు. రెండనే చెప్పాను. ఆ రెండు రోజులూ ఆవిడ ముద్ద ముట్టలేదు.

మనవాళ్ళం ఇంతే కదా. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే, అడిగినవాళ్ళు బాధపడకుండా జవాబు చెప్తాం. కానీ అక్కడ ఆ జవాబును బట్టే మందు కొలుస్తారు. ఆ సంగతి తెలిసీ నేను నోరు మెదపలేదు. వరండాలో అంకుల్‌తో, గంట సంగతి రాసి ఇద్దామా అని మాత్రం అన్నాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "వద్దమ్మా. మనమొక మాటంటే, మనం లేనప్పుడు ఆవిణ్ణి ఎవరు చూస్తారు? మన మనిషి వాళ్ళ చేతుల్లో ఉంది."

నా భయం ఇంకోటి. ఇక్కడే స్థిరంగా ఉండిపోవడానికి పెట్టుకున్న నా పీఆర్ అప్లికేషన్ ఇంకా తేలలేదు. ఫిర్యాదు చేస్తే నా పేరు ఏదో సర్కారు పుస్తకంలోకి ఎక్కుతుందనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఆవిడ నొప్పి పక్కన నా కాగితాలు పెట్టి తూచాను.

రెండో శనివారం మధ్యాహ్నం ఆవిడ వేలు ఆగిపోయింది. దుప్పటి అంచు మీద, కుట్టు బాగానే ఉన్న చోట, గట్టిగా నొక్కుకుని ఉండిపోయింది. గోరు తెల్లబడింది. పోయిన వారం కూడా నేనిది చూశాను. చెమట పట్టిన ప్రతిసారీ వేలు ఇలాగే ఆగింది. అప్పుడే వారం కిందటి ఆ నర్సు వచ్చి నంబరు అడిగింది.

"మూడు" అన్నారు ఆంటీ, పళ్ళ మధ్య నుంచి.

"ఆంటీ, అది మూడు కాదు."

"పాపం, పొద్దున్నుంచి నిలబడే ఉందే ఆ పిల్ల. ఎక్కువ చెప్తే కంగారు పడుద్ది."

ఆవిడతో నేనెప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెరిగింది. "మీరు ఫ్యాక్టరీలో ఇట్లనే చేసిన్రా ఆంటీ? కుట్టిన పిల్ల అలసిపోయిందని, తెగిన కుట్టును పాస్ చేసి పంపిన్రా?"

కోపంలో మా ఊరి మాట వచ్చేసింది. అంకుల్ "అమ్మా!" అన్నారు. ఆంటీ నావైపు చూశారు. కంటి కొస నుంచి నీళ్ళు చెవి వైపు జారాయి.

"తొమ్మిది" అన్నారు. "తొమ్మిది రాయించు."

నేను ఇంగ్లీషులో చెప్పగానే నర్సు ముఖం మారింది. "పోయిన శని, ఆదివారాలు రెండూ మూడే అన్నారు కదా?"

"నేను తప్పు చెప్పాను" అన్నాను. "ఆ రెండు రోజులూ."

అనుమతి ఉన్న మందు అప్పటికే ఇచ్చేసిందట. పెంచాలంటే డ్యూటీ డాక్టరు ఫోన్‌లో చెప్పాలి. ఆమె ఫోన్ చేసి మెసేజ్ పెట్టింది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. గదిలోంచి ఆంటీ మూలుగు మొదటిసారి బయటికి వినిపించింది. నేను వెళ్ళి వాళ్ళ బల్ల ముందు నిలబడ్డాను.

"ఇంకోసారి చేస్తారా?"

"చేశాను. ఆయనే తిరిగి చేస్తారు."

"అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను."

ఎక్కడ చూడాలో తెలియక ఆమె వెనక గోడకు అంటించిన కాగితాలు చదవడం మొదలుపెట్టాను. చేతుల శుభ్రత, పార్కింగ్, సెలవుల పట్టిక. వాటి కింద, సగం కప్పబడి ఒక కాగితం. డాక్టరు నుంచి అరగంటలో జవాబు రాకపోతే రెండో డాక్టరుకు ఫోన్ చేయాలని ఉంది. కింద నంబరు కూడా ఉంది.

"అది చూడండి" అన్నాను. "అరగంట దాటింది."

ఆమె తిరిగి చూసింది. వారానికి రెండు రోజులు వచ్చే మనిషి, ఆ కాగితం ఆమెకు ఎవరూ చూపించలేదు. వెంటనే ఫోన్ అందుకుంది. రెండో డాక్టరు మొదటి రింగుకే ఎత్తాడు.

ఇంజెక్షన్ ఇచ్చాక నేను ఆవిడ ముఖం చూడలేదు, వేలినే చూస్తూ కూర్చున్నాను. నాలుగూ పదికి అది కదిలింది. మెల్లగా, అంచు వెంట, ఎర్రముడి దాకా.

సోమవారం హెడ్ నర్సు ముందు నోట్‌బుక్ తెరిచి చదివాను. ఎప్పుడు, ఎక్కడ, ఏమైంది. పేర్లు లేవు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు, సమర్థించుకోలేదు. చివర్లో ఒక్కటే అడిగింది. "ఆవిడ నంబరు దాచిపెడితే మాకెలా తెలియాలి?"

న్యాయమైన ప్రశ్న. సగం తప్పు మాదే. బొటనవేలి సంగతి చెప్పాను. ఆమె లేచి, ఆరో గది తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: నంబరు అడగొద్దు, బొటనవేలు చూడండి. ఆ సాయంత్రమే మందు అడిగినప్పుడే ఇవ్వడం కాకుండా, చిన్న పంపు ద్వారా ఒంట్లోకి ఆగకుండా వెళ్ళేలా మార్పించింది. ఆంటీకి బోర్డు మీద ఏముందో చదివి వినిపిస్తే, "నన్ను బానే చెకింగు చేశావు" అన్నారు. ఆవిడ నవ్వడం నేను చూసిన ఆఖరుసారి అదే.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వేలు మళ్ళీ ఆగింది. నేను గంట నొక్కాను. అదే నర్సు, నా వేలు గంట మీద ఉండగానే గుమ్మంలో ఉంది. బోర్డు వైపు చూడకుండానే వేలు చూసింది, తర్వాత కనుబొమలు, తర్వాత ఊపిరి. గోరు తెల్లబడి లేదు. వేలు దుప్పటి మీద వదులుగా వాలి ఉంది.

"ఇది నొప్పి కాదు" అంది మెల్లగా. ఆంటీ చేతిని తీసి అంకుల్ చేతిలో పెట్టింది. ఆయన "ఏమే, వింటున్నావా" అంటూ కూర్చున్నారు, చాలాసేపు.

ఫారంలో ఒకటి నుంచి అయిదు వరకూ గడులున్నాయి. మామూలు రోజులకు అయిదు పెట్టాను. మొదటి రెండు వారాంతాలకు రెండు. చివరిదానికి అయిదు. అడుగున ఖాళీ చోట, గోడ మీది కాగితం గురించి, దుప్పటి గురించి రాశాను. ఇంకా ఇలా రాశాను: "మేము నొప్పిని తగ్గించి చెప్పాం. మా వాళ్ళు చాలామంది అలాగే చెప్తారు. దయచేసి రెండోసారి అడగండి." కింద నా పేరు, పూర్తిగా, సంతకంతో సహా పెట్టాను.

మీ ఇంట్లో ఇలాంటి అవసరం రాకూడదని కోరుకుంటాను. వస్తే, ముందు వెళ్ళి ఆ గంట నొక్కి చూడండి. నేల తుడిచేవాళ్ళను అడగండి. మీ నొప్పి గురించి అడిగినప్పుడు మాత్రం ఫర్వాలేదు అనకండి. ఆంటీ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే. ఆవిడకు నేను ఎదురు చెప్పగలిగిన ఒకే ఒక్క విషయం కూడా ఆవిడ నేర్పిందే.

ఫారం పోస్టులో వేయొచ్చు, కానీ నేనే తీసుకువెళ్ళాను. ఇచ్చి వస్తుంటే ఆరో గది తలుపు ఓరగా తెరిచి ఉంది. మంచం మీద ఎవరో పెద్దాయన, నిద్రలో ఉన్నారు. ఆయన పాదాల మీద నీలం దుప్పటి. నేను ఫారంలో రాసింది ఇంకా ఎవరూ చదవకముందే దాని మూల ఎవరో కుట్టేశారు. నీలం మీద తెల్లదారంతో, వంకరటింకరగా, సూది పట్టడం రాని చేత్తో. ఆంటీ అయితే వెనక్కి పంపేవారు. ఆ తెల్ల కుట్టు చివర, ఉతుకుల్లో కాస్త వెలిసి, ఎర్రముడి అలాగే ఉంది.