బర్రెకు రెండు దిక్కుల రైలింగ్

ముందే చెప్పేస్తున్నాను: ఈ జ్ఞాపకంలో ఏ కట్టడమూ కూలదు. గోడ పగలదు, స్లాబు కారదు, ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగలదు. అయినా మా వంశంలో ఇంత పెద్ద ఉపద్రవం ఇంకొకటి జరగలేదని మా పెద్దమ్మ ఇప్పటికీ పెళ్లిళ్లలో నన్ను చూపించి మరీ చెబుతుంది. నిజానికి ఆ కట్టడం కూలి ఉంటే నా పరువు కొంతైనా దక్కేది. కూలిన దాన్ని సిమెంటు మీదికి నెట్టేయవచ్చు. రాయిలా నిలబడ్డ దాన్ని ఎవరి మీదికి నెడతాం?

అప్పటికి నేను సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఒక డిజైన్ ఆఫీసులో చేరి కొద్ది నెలలే. ఆ ఆఫీసులో ఒక అల్మారా నిండా కోడ్ పుస్తకాలు ఉండేవి. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, ఇంజనీర్లు ఏదీ సొంతంగా ఊహించి కట్టరు. దూలంలో ఎంత ఇనుము వేయాలి, కిటికీ ఎంత పెద్దదుండాలి, గాలి ఎంత గట్టిగా వీస్తుందనుకోవాలి, మెట్టు ఎంత ఎత్తుండాలి, అన్నీ ఆ పుస్తకాల్లో ఉంటాయి. మా సీనియర్లు వాటిని అవసరం పడ్డప్పుడు తెరిచేవారు. నేను చాయ్ తాగేటప్పుడు కూడా తెరిచేవాణ్ణి. కొత్తగా ప్రేమలో పడ్డవాడు ఫోన్ చూసుకున్నట్టు చూసుకునేవాణ్ణి. తేడా ఏమిటంటే, నాకు అటునుంచి జవాబులు వచ్చేవి.

ఈ జబ్బు ఆఫీసులోనే ఆగి ఉంటే బాగుండేది. బస్టాండులో మెట్లు ఎక్కుతూ, ఇవి ఒకే ఎత్తులో లేవండీ అని పక్కనున్న పెద్దమనిషికి వివరించేవాణ్ణి. ఆయన ఎక్కాల్సిన బస్సు వదిలేసి వేరే బస్సు ఎక్కేవాడు. ఇంట్లో మా అమ్మ పీట వేస్తే తినడానికి ముందు దాని ఎత్తు కొలిచేవాణ్ణి. అమ్మ నాకు అన్నం చేతికిచ్చి నిలబడి తినమనడం మొదలుపెట్టింది.

ఇలాంటి మనిషికి మా పెద్దనాయన పని అప్పగించాడు.

ఆయనది మొగుడంపల్లి దగ్గర పల్లె. అల్లం వేస్తాడు, కంది వేస్తాడు. ఆయనకు పొలమంటే ప్రాణం, పెద్దమ్మకు సుందరి అంటే ప్రాణం. సుందరి అంటే బర్రె. పేరు పెట్టింది పెద్దమ్మ కాబట్టి ఆ అందం మీద ఇంట్లో చర్చ ఉండదు. అప్పుడు సుందరి నిండు సూడితో ఉంది. పోయిన వానాకాలం పాత కొట్టం కప్పు కారి, పుట్టిన దూడ తడిసి, వణికి వణికి చచ్చిపోయింది. పెద్దమ్మ చాలా రోజులు సరిగ్గా తిండి తినలేదు. అందుకే ఈసారి వానలు పడకముందే కొత్త కొట్టం కావాలి, ఈసారి దూడ పొడి నేల మీద పుట్టాలి. ఆమె కోరిక అంతే. నన్ను పిలిచి అంతే అడిగింది.

"నాలుగు కంబాలు పాతి మీద రేకులేస్తే అయిపోతది గద రా" అన్నాడు పెద్దనాయన.

"ఎట్లబడితే అట్ల కట్టనీకి నేనెందుకు పెద్దనాయనా? కోడ్ ప్రకారం కడ్దాం" అన్నాను.

"కోడ్ అంటే ఏంది?"

"సర్కారు రూలు లెక్క అనుకో."

సర్కారు అనే మాట వినగానే ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాపం, అక్కడే ఆయన ఓడిపోయాడు.

నేను ఆఫీసుకు వచ్చి పుస్తకం తెరిచాను. వెనకాల సూచికలో బర్రె కోసం వెతికాను. నా కంటికి కనిపించలేదు. తెలివైనవాడైతే అక్కడ పుస్తకం మూసి ఏ రైతునో అడిగేవాడు. నేను మాత్రం సుందరిని ఆ కట్టడంలో 'నివసించేవారు' అనే వర్గంలో చేర్చేశాను. నివసిస్తుంది కదా, అందులో అబద్ధమేముంది? ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. నివసించేవారి నేల బయటి మట్టం కంటే అడుగున్నర ఎత్తులో ఉండాలన్నారు. ఉంచాను. గాలీ వెలుతురూ వచ్చేలా కిటికీలు ఉండాలన్నారు. పెట్టాను. అడుగున్నర ఎత్తుకు చేరాలంటే మెట్లుండాలి. గీశాను. మూడు మెట్లు, ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. మా బస్టాండు వాళ్లు వచ్చి నేర్చుకునేంత చక్కగా గీశాను.

పనికి ఖాజా మేస్త్రీని కుదిర్చాం. ఎన్ని ఇళ్లు కట్టినా, కొట్టానికి ఎవరూ ఆయన చేతికి డ్రాయింగు ఇవ్వలేదట. ఆ కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుని హోటల్లో చాయ్ తాగే ప్రతివాడికీ విప్పి చూపించేవాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంజనీర్ సాబ్, మెట్లకు రైలింగ్ గూడ గీసిన్రు. ఒక దిక్కు పెట్టాల్నా, రెండు దిక్కులా?"

"వెడల్పు మెట్లు గద ఖాజా భాయ్. రెండు దిక్కుల ఉండాలె."

"బహుత్ ఖూబ్. స్టీలుది పెడ్దాం, షాన్‌గ ఉంటది."

ఆ రైలింగ్ ఎవరు పట్టుకుంటారని ఆయన నన్ను అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఇద్దరం ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టని మర్యాదస్తులం.

మరి ఇంట్లోవాళ్ల కళ్లు ఏమయ్యాయని మీకు అనుమానం రావచ్చు. అది అల్లం విత్తనం పెట్టే కాలం. పొద్దున పొలానికి పోతే చీకటి పడే వేళకు వచ్చేవారు. గోడలు లేవడం చూసి పెద్దనాయన మురిసిపోయేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి, ఎవరికైనా కిరాయికి ఇస్తున్నారా అని అడిగేవారు. బర్రె కోసమని చెబితే నవ్వుకుంటూ వెళ్లేవారు. అది మెచ్చుకోలు అనుకున్నాను నేను. ఆ వయసులో నాకు ఏ నవ్వు చూసినా మెచ్చుకోలులాగే కనిపించేది.

అంతటితో ఆగానా? పాత కొట్టం కొత్త కిటికీలకు వెలుతురు అడ్డుకుంటోందని తేల్చి, దాన్ని కూడా దగ్గరుండి కూలగొట్టించాను. అంటే ఇప్పుడు సుందరికి ఆకాశమైనా ఉండాలి, నా కోడ్ అయినా ఉండాలి. మూడో దారి లేకుండా చేశాను.

ప్రవేశం రోజు వచ్చింది. సుందరికి నీళ్లు పోశారు, కొమ్ములకు నూనె రాశారు, మెడలో బంతిపూల దండ వేశారు. పడమర నుంచి నల్లటి మబ్బు లేస్తోంది. పెద్దమ్మ తాడు పట్టుకుని ముందు నడిచి, మూడు మెట్లూ ఎక్కి లోపలికి పోయింది. సుందరి మొదటి మెట్టు దాకా వచ్చి ఆగింది. మెట్టును వాసన చూసింది. తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు పరిచయమే. వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను అచ్చం అలాగే చూశాడు.

లాగారు. రాలేదు. వెనక నుంచి నెట్టారు. ఇంకాస్త వెనక్కి వచ్చింది. పైమెట్టు మీద పచ్చి చొప్ప పెట్టి ఆశ చూపించారు. సుందరి కాళ్లు కదపకుండా మెడ చాచి, చొప్పంతా తిని, నెమరు వేయడం మొదలుపెట్టింది. రైలింగ్‌ను మాత్రం వాడుకుంది. మెడ గోక్కుంది. ఎంత గట్టిగా రుద్దినా రైలింగ్ కదల్లేదని ఖాజా మేస్త్రీ అందరికీ చూపించాడు.

"ఏందిరా, ఎక్కుతలేదు" అన్నాడు పెద్దనాయన.

"అలవాటు గావాలె. మెట్టు ఎత్తు కరెక్టుగనే ఉన్నది."

"నాకెందుకు చెప్తవ్? దానికి చెప్పు."

నేను పక్కకు వెళ్లి ఆఫీసులో మా సారుకు ఫోన్ చేశాను. కొట్టానికి మెట్లు పెట్టానని, ఎక్కాల్సినవాళ్లు ఎక్కడం లేదని చెప్పాను. ఎక్కాల్సింది ఎవరని అడిగాడు. బర్రె సార్ అన్నాను. ఆయన కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"ఆ డ్రాయింగ్ మీద మన ఆఫీసు పేరు రాసినవా?" అన్నాడు.

"లేదు సార్."

"మంచి పని జేసినవ్" అని పెట్టేశాడు.

ఈలోగా పెద్దనాయన పార తెచ్చాడు. మెట్ల మీద మట్టి పోసి ఏటవాలు చేస్తే బర్రె ఎక్కుతుందన్నాడు. మామూలు మనిషి ఈ పాటికి నోరు మూసుకునేవాడు. నేను మాత్రం ఫోన్‌లో కోడ్ తెరిచాను. ఏటవాలు దారి మరీ నిటారుగా ఉండకూడదు, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి, కాబట్టి మనకు పద్దెనిమిది అడుగులు కావాలి, మన వాకిలి అంత లేదు, గేటు దాటి ఊరి రోడ్డు మీదికి పోతుంది, దానికి పర్మిషన్ తీసుకోవాలి అని వివరించాను.

పెద్దనాయన పార కింద పెట్టాడు. "గది ఎవలికి రాసిన్రు రా?"

"వీల్‌చేర్ల వచ్చేటోళ్లకు."

ఆయన సుందరిని చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ పార ఎత్తాడు. ఈసారి మట్టి వైపు తిరుగుతాడో, నా వైపు తిరుగుతాడో నాకు అంతుపట్టలేదు.

అది తేలకముందే వాన దిగింది. మామూలు వాన కాదు, రేకుల మీద కంకర గుమ్మరించినట్టు. అందరూ టార్పాలిన్ కోసం పరుగెత్తారు, తాడు నా చేతికి వచ్చింది. అప్పుడే సుందరి నడుము వంచి, తోక ఎత్తి, అదోలా అరిచింది. పెద్దమ్మ ముఖం తెల్లబోయింది.

"నొప్పులొస్తున్నయ్ రా" అంది. "మళ్లా వానలనేనా?"

నిజం చెప్పాలంటే, ఆ ఒక్క నిమిషం నాకు ఏ ఉపాయమూ తట్టలేదు.

తట్టింది సుందరికే. తాడుతో సహా నన్ను లాక్కుంటూ వాకిలి దాటి, నేరుగా మా పెద్దనాయన ఇంట్లోకి నడిచింది. అది పాత ఇల్లు. నేలకు సమానంగా ఉంటుంది, మెట్లు లేవు, తలుపు రెండు రెక్కలది. ఏ కోడూ చూడకుండా ఎవరో ముత్తాత కట్టించాడు. సుందరి ముందు గదిలో టీవీకి, సోఫాకు మధ్య చోటు చూసుకుని పడుకుంది. టీవీలో సీరియల్ నడుస్తోంది. పెద్దమ్మ నన్ను తప్ప మగవాళ్లందరినీ బయటికి పంపింది. నన్ను ఉంచుకున్నది గౌరవంతో కాదు, నా ఒంటి మీదున్న ఇస్త్రీ చొక్కా కోసం. కాసేపటికి నల్లటి పెయ్యదూడ కింద పడింది. పెద్దమ్మ నా చొక్కా విప్పించి, నీళ్లు పిండి, దానితో దూడను మెత్తగా తుడిచింది. పొడి నేల మీద, పొడి ఒంటితో, ఆ దూడ లేచి నిలబడడానికి తంటాలు పడుతుంటే ఆమె నవ్వుతూ ఏడ్చింది. ఆ మొత్తం ప్రాజెక్టులో నా వైపు నుంచి పనికొచ్చింది ఆ చొక్కా ఒక్కటే.

బాలింత బర్రెను కదిలించకూడదని పెద్దమ్మ తీర్పు చెప్పింది. మరి మనుషులు ఎక్కడ కూర్చోవాలి? సోఫాను కొట్టంలోకి మోయించారు. పెద్దమ్మ రైలింగ్ పట్టుకుని, మోకాళ్లు మూలగకుండా మూడు మెట్లూ ఎక్కింది. లోపల కూర్చుని నాలుగు దిక్కులూ చూసింది.

"జర చల్లగున్నది రా" అంది. "గాలి మంచిగొస్తున్నది."

అంతే, మళ్లీ దిగలేదు. వానాకాలం పోయాక మెట్లు పగలగొట్టి బర్రెకు దారి చేద్దామని పెద్దనాయన అంటే, ఆమె పైమెట్టు మీద నిలబడింది. "నా మెట్ల మీద చెయ్యేస్తే ఊకోను." ఇప్పటికీ సుందరి, దాని కూతురు ముందు గదిలో ఉంటారు. చుట్టాలు వస్తే తలుపు తట్టి, బర్రెను పలకరించి, ఆ తర్వాత కొట్టంలోకి వెళ్లి మనుషులను కలుస్తారు. ఒకసారి మా సారు కూడా వచ్చి అంతా తిరిగి చూశాడు. రైలింగ్ ఊపాడు. కిటికీలు తెరిచాడు. "డిజైన్‌ల ఏం తప్పు లేదు. క్లయింటే మారిన్రు" అన్నాడు.

అందుకే ఇవాళ మీ అందరి సాక్షిగా, కోడ్ పుస్తకం మీద కుడి చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఎక్కేవాళ్ల కాళ్లు లెక్కపెట్టనిదే ఇకమీదట ఒక్క మెట్టు కూడా గీయను. రెండు తేలితే గీస్తాను. నాలుగు తేలితే ఆ రోజుకు సెలవు పెడతాను.