ఏ చక్రం అరుస్తోంది

వంతెన దిగే లారీల దగ్గర కాలిన బ్రేకు వాసన వస్తే నాకు నాన్న టాక్సీ గుర్తొస్తుంది.

ధవళేశ్వరంలో నాన్న అంబాసిడర్ నడిపేవారు. ఒకసారి కోరుకొండ గుడికి వెళ్ళొచ్చినవాళ్ళు దిగుతూ, "బ్రేకు వేస్తే చెవులు చిల్లులు పడుతున్నాయండీ, చూపించుకోండి" అన్నారు. ఆ సాయంత్రం నాన్న నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళారు.

"ఏ చక్రం అరుస్తుందో చెప్పమ్మా. చెప్తే జీళ్ళు కొంటాను."

ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా నేను కిటికీ అద్దం దించి విన్నాను. గట్టు మీది కొంగలు లేచిపోయేంత కీచుమనే శబ్దం. "ఎడంపక్క, ముందుది నాన్నా" అన్నాను. ఆయన నా వైపు వంగి మళ్ళీ చెప్పించుకున్నారు. నాకు పరీక్ష పెడుతున్నారనుకున్నాను.

షెడ్డులో మెకానిక్ ఆ చక్రం విప్పితే లోపల లైనింగు అరిగిపోయి ఉంది.

"భలే కనిపెట్టారండీ. చెవంటే మీదేనండీ" అన్నాడు.

నాన్న నవ్వారు. కనిపెట్టింది నేనైతే మెప్పు ఆయనకా అని నాకు ఒళ్ళు మండింది.

తిరిగొస్తూ నాన్న మళ్ళీ బ్రేకు తొక్కి, "పోయిందా?" అని అడిగారు. పోయిందని తల ఊపాను.

కొన్నాళ్ళకి టాక్సీ అమ్మేశారు. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పారు, అమ్మకి కూడా. ఆయనకి చెవులు వినపడటం అప్పటికే తగ్గిపోయిందని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. ఆ రోజు బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆయన వినటానికి ప్రయత్నించలేదు, నా మొహం చూశారు.